తడి ఆరేదాకా కూర్చున్న యాకూబ్ భాయ్

యాకూబ్ భాయ్ ఇక లేరు. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు నెలకు పైగా పట్టింది.

ఆ వార్త వచ్చిన ఉదయం నేను నర్సంపేట అవతలి చెరువు గట్టున, బోర్లించిన పడవ పక్కన కూర్చొని ఉన్నాను. ఆయన భార్య ఫాతిమా వదినె ఫోన్ చేసింది. "సమ్మయ్యా, మీ భాయ్ లేస్తలేడు" అన్నది. తెల్లవారి నమాజు చేసుకొని గోడకు ఆనుకొని కూర్చున్నారట. చాయ తెచ్చి పిలిస్తే పలకలేదట. "దవాఖానకు తీస్కపోదామా?" అని నన్నే అడిగింది. అడుగుతున్నప్పుడే ఆమెకు సంగతి అర్థమైపోయిందని గొంతు చెబుతోంది. నేను వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇటువంటి వ్యాసాల్లో ఈ చోట పిడుగు పడినట్లయిందని రాయడం ఆనవాయితీ. నాకు పిడుగేమీ పడలేదు. ఒళ్లంతా ఒక్కసారిగా అలసిపోయింది. చెరువు మీద ఎండ అప్పుడే ముదురుతోంది, పడవ సగం తడిగా ఉంది, లేచి ఖిలా వరంగల్ దాకా పోవాలి. అదంతా నాకు కొండంత పనిలా తోచింది. ఆ అలసట ఇప్పటికీ తీరలేదు. దుఃఖం వల్లనే అనుకున్నాను మొదట. కేవలం దుఃఖం వల్ల కాదని ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

భాయ్‌ని ఎరుగని వారి కోసం నాలుగు మాటలు. సయ్యద్ యాకూబ్ ఖిలా వరంగల్‌లో, కోట లోపలి ఒక సందులో రెండు గదుల ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లోనే కన్ను మూశారు. యౌవనంలో కార్ల షెడ్లలో రంగు, మెరుగు పని చేశారు. మన ప్రాంతపు చెరువుల్లోకి విహారానికి ఫైబర్ పడవలు వచ్చాక వాటి వైపు మళ్లారు. చూసినవాళ్లకు అదో చిన్న పని. పడవను తోమేవాడు అనుకుంటారు. 'పాలిష్ మియా' అని పిలిచేవారు కూడా. ఆయన ఏమీ అనుకునేవారు కాదు.

కానీ ఫైబర్ పడవ ఎండలో ఏమవుతుందో తెలిసినవారికే ఆ పని విలువ తెలుస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు దాని ఒంటి మీద ముఖం చూసుకోవచ్చు. మూడు నాలుగు ఎండాకాలాలు గడిచేసరికి పై పొర చచ్చిపోతుంది. తెల్లగా సున్నం తేలుతుంది. చెయ్యి రాస్తే అరచేతికి పొడి అంటుతుంది. నీలిరంగు పట్టీలు పాలిపోయి బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ చచ్చిన పొరను నీళ్లతో, సన్నని గరుకు కాగితంతో సమంగా అరగదీసి, ముద్దలాంటి కాంపౌండ్ రాసి, తిరిగే మిషనుతో రుద్ది, చివర మైనం పెట్టాలి. తక్కువ రుద్దితే మెరుపు రాదు. ఎక్కువ రుద్దితే పై పొర తెగి లోపలి నార బయటపడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న దూరం వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసిలో ఆయన ముప్పై ఏళ్లు బతికారు.

నేను ఆయన దగ్గరికి ముప్పైనాలుగేళ్ల వయసులో వెళ్లాను. మాది కొత్తవాడ. తాతల నుంచి జంపఖానాలు నేసిన ఇల్లు. నేను మగ్గం మీద కూర్చుంటూనే తెలుగు పండిత శిక్షణ పూర్తి చేశాను. ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి చూసి అటు మగ్గానికీ కాకుండా ఇటు బడికీ కాకుండా మిగిలాను. ఎవరో చెప్పగా వెళ్లి పని అడిగితే, భాయ్ నా అరచేతులు తిప్పి చూశారు.

"ఏం సదివినవ్?"

"తెలుగు పండిత్, భాయ్."

"అరె, పంతులువా! మంచిగైంది. మా పడవలకు సదువు లేక గిట్ల తెల్లబోతానయ్" అని ఆయనే పకపకా నవ్వారు. ఆనాటి నుంచి చివరిదాకా నేను ఆయనకు పంతులునే.

మొదటి పదిహేను రోజులు నా చేతికి మిషను ఇవ్వలేదు, కాగితమూ ఇవ్వలేదు. పడవ కడగడం, కడిగాక ఊరికే కూర్చోవడం, అంతే. కడిగిన వెంటనే గుడ్డ తీసుకొని తుడవబోతే చెయ్యి పట్టుకున్నారు.

"తుడవకు. కూసో."

"ఎందుకు భాయ్? తుడిస్తె జల్ది ఆరుతది గద."

"నీకు జల్ది ఉన్నది. దానికి లేదు. అదే ఆరుతది. ఆరేదాంక కండ్లు దాని మీదనే ఉండాలె."

ఆయన పని అంతా ఆ ఒక్క నియమంలో ఉంది. కడిగిన పడవను నీడలో బోర్లించి, తనంత తాను ఆరనివ్వాలి. ఆరుతున్నకొద్దీ ఒళ్లంతా తెల్లబడుతుంది. ఎక్కడైనా పగులు ఉంటే అందులో నీరు నిలిచి, అక్కడ మాత్రం సన్నని నల్లటి గీత చివరిదాకా మిగులుతుంది. రెండు మూడు నిమిషాలే కనిపిస్తుంది. అది కూడా ఆరిపోతే మళ్లీ ఎంత వెతికినా దొరకదు. ఆ కొద్ది నిమిషాల కోసం ఆయన బీడీ కూడా ముట్టకుండా పడవ చుట్టూ తిరిగేవారు. గీత కనిపిస్తే వడ్రంగి పెన్సిలుతో గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు ఉన్నచోట కోసి, కొత్త నార పరిచి, పూడ్చి, గట్టిపడ్డాకనే మెరుపు మాట. "మెరుపు ఎవడైనా తెస్తడు పంతులూ, ఆరేదాంక కూసునేటోడు దొరకడు" అనేవారు. ఆ వాక్యం నేను ఎన్ని వందలసార్లు విన్నానో. వినీ వినీ విసుగొచ్చింది. విసుగొచ్చిన మాటను మనిషి ఎంత సులభంగా మరిచిపోతాడో తరువాత చెబుతాను.

మెరుగు పెట్టే మనిషికి మెరుపంటే మోజు ఉంటుందనుకుంటాం. ఆయనకు లేదు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి చెరువు చూడడానికి వస్తున్నారని, ముందురోజు సాయంత్రం పడవలు నడిపే గుత్తేదారు పరుగెత్తుకొచ్చాడు. ఎనిమిది పడవలూ తెల్లారేసరికి తళతళలాడాలన్నాడు. అది అయ్యే పని కాదని భాయ్ చెప్పారు.

"అయితె కొబ్బరినూనె రాసెయ్ మియా. పొద్దటి వరకు మెరుస్తె సాలు. ఆయన పోయినంక ఎవడు చూస్తడు?"

"నేను చూస్త గద సేటూ."

"నువ్వు చూడకు!"

"గట్లనా? మరి నా కండ్లు నీ దగ్గర పెట్టుకో, రేపు సాయంత్రం వచ్చి తీస్కపోత" అన్నారు భాయ్. గుత్తేదారుకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో తెలియలేదు. మర్నాడు ఆ అధికారి తెల్లగా పాలిపోయిన పడవలోనే తిరిగి వెళ్లాడు. ఆకాశం ఊడిపడలేదు.

ఈ పని ఆయనను పెళ్లిళ్లలో కూడా వదిలేది కాదు. బంధువుల ఇంట్లో వలీమా విందుకు నన్ను వెంటబెట్టుకొని పోయారు. కూర్చోబోతూ ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద అరచెయ్యి రాసి, వేళ్లు చూసుకొని, పక్కనున్న పెళ్లికొడుకు మామతో "కుర్చీలు ఎండల పెడ్తాన్రు సాబ్, సుతరాం మంచిగలేదు" అన్నారు. ఆ పెద్దమనిషి ఏదో కుర్చీల కిరాయికి సంబంధించిన తగాదా అనుకొని క్షమాపణ చెప్పాడు. వదినె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. మిద్దెల మీది నీళ్ల ట్యాంకులు, బస్‌స్టాపుల్లో బల్లలు, దేన్నైనా అట్లాగే నిమిరేవారు. లోకమంతా ఎండలో నిలబడి పొడి రాలుస్తోందని ఆయనకు బెంగ.

మరొక అలవాటు చెప్పాలి. ఏ పడవ పూర్తి చేసినా, వెనుక భాగంలో, బల్ల కింద ఎవరికీ కనబడని చోట, అరచేయంత మేర ముట్టకుండా వదిలేవారు. అక్కడ మెరుపు ఉండదు. మొదట్లో నేను మరిచిపోయారనుకొని గొప్పగా ఎత్తిచూపాను. "మరువలేదు పంతులూ. రేపు ఇంకోడు వస్తడు. పై పొర ఎంతుండె, మనం ఎంత తిన్నం, వాడికి తెల్వొద్దా? తిన్నోడు చెప్పి పోవాలె" అన్నారు. పని నేర్పే పుస్తకాలు ఉంటే అందులో ఈ మాట ఉండదని నా నమ్మకం.

ఇంతవరకు రాసింది హాయిగానే రాశాను. ఇక మీదట రాయవలసింది రాయలేక నాలుగుసార్లు కాగితాలు చించాను. ఇప్పుడు కూడా చెయ్యి బరువుగా ఉంది. కానీ ఆయన శిష్యులం ఆయన మీద వేస్తున్న ఈ చిన్న పుస్తకం చేతికి వచ్చిన ప్రతి ఒక్కరికీ యాకూబ్ భాయ్ గురించి తప్పక తెలిసి ఉండే సంగతి ఒకటుంది. ఆయన మెరుగుపెట్టిన పెద్ద పడవ తొమ్మిదేళ్ల కింద చెరువులో మునిగిందని. ఆ ఒక్కటి తెలిసినవారికి పైన రాసినవేవీ తెలియవు. ఆ ఒక్కటీ అబద్ధం.

అది ఇరవై మంది కూర్చునే పడవ. తెల్లటి ఒళ్లు, నీలి పట్టీ. ఆదివారం నాటికి నీళ్లలో ఉండాలని గుత్తేదారు గడువు పెట్టాడు. గురువారం నాడు భాయ్ కూతురికి నొప్పులు మొదలై దవాఖానలో చేర్చారు. ఆయన వెళ్తూ "పంతులూ, కడిగి ఆరబెట్టు. గీతలు చూడు. నేనొచ్చినంకనే కాంపౌండ్" అన్నారు. నేను సరేనన్నాను. అప్పటికి ఆయన దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశాను. నా అంతట నేను ఒక పడవ పూర్తి చేసి చూపిస్తే ఎట్లా ఉంటుందని మనసును పురుగు తొలచడం మొదలై చాలాకాలమైంది. శుక్రవారం పొద్దున కడిగాను. మబ్బు పట్టి ఉంది, ఎంతకీ ఆరదు. గుత్తేదారు రెండుసార్లు వచ్చి వాచీ చూసి పోయాడు. మూడోసారి వచ్చేసరికి నేను గుడ్డ తీసుకొని తుడుస్తున్నాను.

తుడిచాను. అంతే నేను చేసింది. ఎవరినడిగినా తడి తుడవడం తప్పని చెప్పరు. మా పనిలో మాత్రం దాన్ని మించిన తప్పు లేదు. ఒళ్లంతా ఒకేసారి ఆరిపోయింది. చూడడానికి గీత మిగలలేదు. కాగితం పట్టాను, కాంపౌండ్ రాశాను, మిషను తిప్పాను. ముద్ద పోయి పగుల్లో దూరింది. దాని మీద మైనం కూర్చుంది. శనివారం మధ్యాహ్నానికి ఆ పడవ ఎట్లా మెరిసిందంటే, గట్టు మీద పోయేవాళ్లు ఆగి తలలు దువ్వుకున్నారు. గుత్తేదారు భుజం తట్టాడు. ఆ క్షణంలో నేను కోటకు రాజునయ్యాను.

శనివారం సాయంత్రం భాయ్ వచ్చారు. మనవడు పుట్టాడని మిఠాయి పొట్లం తెచ్చారు. రెండు రోజులుగా నిద్ర లేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పడవ అప్పటికే నీళ్లలో ఉంది. గట్టు మీది నుంచే చూశారు.

"మంచిగ మెరిసింది పంతులూ. ఆరబెట్టినవా?"

"ఆరబెట్టిన భాయ్."

"గీతలు?"

"ఏం లేకుండె."

ఆయన నా నోట్లో మిఠాయి పెట్టారు. తిన్నాను.

ఆదివారం రెండో విడతలో, పడవ గట్టుకు తిరిగి వస్తుండగా అడుగున నీరు ఊరింది. ఊరినది కాస్తా పగులు తెరుచుకొని పొంగింది. అల్లా దయ, అమ్మవారి దయ, ఎవరి దయైతేనేం, అప్పటికి గట్టు దగ్గరికి వచ్చేశారు. నడుములోతు నీళ్లు. అందరూ అరుచుకుంటూ నడిచి బయటపడ్డారు. ఒక ముసలమ్మ జారిపడితే చెయ్యి విరిగింది. అంతకంటే ఏమీ జరగలేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. విరిగిన చెయ్యిని పట్టుకొని ఆ తల్లి గట్టు మీద కూర్చున్న తీరు మాత్రం మరిచిపోలేదు.

జనం మూగారు. ముసలమ్మ కొడుకులు గుత్తేదారు చొక్కా పట్టుకున్నారు. "ఎవడు చేసిండు ఈ పడవ? వాన్ని పిలువు!" అని గుత్తేదారు మా వైపు తిరిగాడు. నేను భాయ్ పక్కనే నిలబడి ఉన్నాను. పడవను అప్పటికే పక్కకు వాల్చారు. అడుగున బెత్తెడు పగులు, దాని అంచుల వెంట నేను నింపిన ముద్ద తెల్లగా కనబడుతోంది. భాయ్ వంగి దాన్ని చూశారు. తరువాత నన్ను ఒక్కసారి చూశారు. ఆయనకు అంతా అర్థమైపోయింది.

"చెయ్యి నాది" అన్నారు. "పడవ నా చేతి పని. పంతులు కడిగిండంతే."

నిజం చెబుతున్నాను, చెప్పాలని నోరు తెరిచాను. ముసలమ్మ చిన్న కొడుకు అప్పటికే ఆయన మీదికి వచ్చి గల్లా పట్టుకున్నాడు. ఆ దెబ్బ నాకు పడుతుందని భయపడ్డాను. తెరిచిన నోరు మూసుకున్నాను. భాయ్ తెల్లటి టోపీ చెరువు నీళ్లలో పడింది. దాన్ని తీసి పిండి ఇచ్చాను. నేను చేసిన సాయం అంతే.

అటు తరువాత ఆ చెరువు మీద ఆయనకు పని లేదు. ముసలోనికి చూపు ఆనుతలేదని గుత్తేదారు అందరికీ చెప్పాడు. మిగిలిన చెరువుల వాళ్లకూ ఆ మాట పాకింది. 'పాలిష్ మియా' పోయి 'పడవ ముంచిన మియా' అయ్యారు. ఆయన స్కూటరు ట్యాంకులు, ఇనుప గేట్లు, పెళ్లి బ్యాండు వాళ్ల వాయిద్యాలు మెరుగుపెట్టుకుంటూ ఇంటి ముందరే కాలం గడిపారు. చెరువు పని ఎవరికి ఇచ్చారని అడగండి. నాకే ఇచ్చారు.

ఆ పని ఒప్పుకోనా అని భాయ్‌ని అడగడానికి వెళ్లాను, సిగ్గు లేకుండా. అరుగు మీద కూర్చొని ఒక బాకా తుడుస్తున్నారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. ఆయనే అన్నారు:

"ఒప్పుకో పంతులూ. పడవలేం పాపం చేసినయ్? చేతగానోని చేతిల ఎందుకు పడాలె?"

"భాయ్, నేను అందరికి చెప్త..."

"ఏం చెప్తవ్? ఆరబెట్టిన అన్నవ్. నమ్మిన. మనవడు పుట్టిన ఖుషీల ఉండి ఒక్కసారి పడవ ఎక్కి చెయ్యి పెట్టి చూడలే. ఉస్తాద్ అనెటోడు చూడాలె. గది నా తప్పు. నీ తప్పు నీ దగ్గర పెట్టుకో, నా తప్పు నా దగ్గర ఉండనీ. ఇంక ఫికర్ చెయ్యకు. ఆరేదాంక కూసో, గంతె."

ఇంత ఉదారంగా విడిచిపెట్టిన మనిషిని నేను ద్వేషించిన రోజులున్నాయి. ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత తేలికగా ఉండేదో! ఆ దినం నుంచి నేను ప్రతి పడవ ముందూ కూర్చున్నాను. మబ్బు పట్టినా, ఎవడు వాచీ చూసినా కూర్చున్నాను. నా చేతి మీద ఇంకే పడవా మునగలేదు. మంచి పనివాడని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా భుజాలు కుంగేవి. వారానికోసారి ఆయన దగ్గరికి పోయి చాయ తాగి వచ్చేవాణ్ని. పడవ మాట మా మధ్య మళ్లీ రాలేదు. ఏడాది గడిచాక చెప్పడం కష్టమైంది, అయిదేళ్లు గడిచాక అసాధ్యమనిపించింది. తొమ్మిదేళ్లయ్యేసరికి, ఎవరికి గుర్తుందిలే అని సర్దుకున్నాను.

ఎవరికి గుర్తుందో జనాజా నాడు తెలిసింది. ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి బయటికి వచ్చాం. ఎండ మండుతోంది. ఎదురుగా చాయ హోటల్లో నీళ్లు తాగుతుంటే, హోటలాయన జనాన్ని చూసి అడిగాడు.

"ఎవరు పోయిన్రే?"

"యాకూబ్ భాయ్. కోట కాడ ఉంటుండె" అన్నాను.

"ఎవరు, గా పడవ ముంచిన మియానా?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆయనే, ఆయనే అన్నారు. నేను గ్లాసు కింద పెట్టాను. ఆయన మీద వేసిన మట్టి నా వేళ్ల సందుల్లో ఇంకా ఉంది. ఆ నిమిషాన చెప్పవలసింది. "అవును, ఆయనే" అన్నాను. అని, బస్సెక్కి ఇంటికి పోయి పడుకున్నాను.

గట్టు మీద మూగబోయినందుకు భయం ఒక సాకు. అప్పుడు భయపెట్టేవాళ్లు ఉన్నారు. హోటల్లో ఎవరున్నారు? ఆ రోజు నాకు ఒక సంగతి తెలిసింది. నేను పిరికితనం వల్ల ఊరుకోవడం ఎప్పుడో మానేశాను. అలవాటు వల్ల ఊరుకుంటున్నాను. ఈ అలసట దాని బరువే.

మొన్న, నలభయ్యో దినపు ఫాతిహా ప్రార్థనల ఏర్పాట్ల కోసం వదినె దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం వేళ. చాట ముందు పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. భాయ్ దగ్గర పని నేర్చుకున్న మేము నలుగురం ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నామని చెప్పాను. ఏం రాస్తాన్రని అడిగింది. ఎన్నాళ్లుగానో లోపల అడ్డం పడి ఉన్నది ఏ సన్నాహం లేకుండా బయటికి వచ్చేసింది.

"వదినె, గా పెద్ద పడవ భాయ్ చెయ్యలే. నేను చేసిన. ఆరకముందే తుడిచి రాసిన. ఆరబెట్టినవా అని అడిగితె అబద్ధం చెప్పిన. ఆయన నా మీదికి రానియ్యలే."

ఆమె చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది. భాయ్ ఆమెకు చెప్పే ఉంటారని నేను అనుకుంటూ వచ్చాను. భార్యకు చెప్పని మగవాడుంటాడా? ఆమె ముఖం చూశాక, చెప్పలేదని తెలిసింది.

"మల్ల చెప్పు" అన్నది.

మళ్లీ చెప్పాను.

"నాకు గూడ చెప్పలే సమ్మయ్యా" అన్నది. గుప్పిట్లోని బియ్యం చాటలోకి వదిలి, "తొమ్మిదేండ్లు" అన్నది. "తొమ్మిదేండ్లు నేను ఆయన్ని అన్న. కూరల ఉప్పెక్కువైంది అంటె, నువ్వు పడవ ముంచినోనివి, నాకు చెప్తానవా అన్న. చిన్నబిడ్డ నిఖా నాడు చుట్టాల ముంగట అన్న. ఆయన పోయే ముందటి దినం గూడ అన్న. నల్లా బందు చెయ్యక ఇల్లంత నీళ్లయినయ్. పడవనే ముంచినోనికి ఇల్లెంత అన్న."

ఏదో ఒకటి అనాలని, "భాయ్ ఏమన్నడు వదినె?" అని అడిగాను.

"ఏమంటడు? నవ్విండు. పోయి నల్లా బందు చేసిండు."

చాట పక్కకు పెట్టింది. ఏడవలేదు. కోపంగా చూసింది నా వైపు, మొదటిసారి. "ఒక్కసారి, ఒక్కపూట వచ్చి ఈ ముక్క చెప్తె నీదేం పోతుండె? నేను ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలె? పా, ఇంటికి పో" అన్నది. లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనుక నుంచి పిలిచింది. "రాయి. అన్ని రాయి. నేనన్నయి గూడ రాయి. ఫాతిహా నాడు వచ్చినోళ్ల ముంగట నువ్వే సదువు."

అందుకే ఈ వ్యాసం. ఎల్లుండి ఆయన ఇంటి ముందు షామియానా కింద దీన్ని నేనే చదువుతాను. గుత్తేదారుకు కబురు పెట్టాను. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె కొడుకుల ఇల్లు వెతికి, వాళ్లనూ రమ్మని చెప్పి వచ్చాను. చిన్న కొడుకు సంగతేమిటని అడిగాడు. వస్తే చెబుతానన్నాను. చదివాక వాళ్లు నన్ను ఏమన్నా, ఏం చేసినా తలవంచి తీసుకుంటాను.

పండితుణ్ని కదా, ముగింపులో రాయవలసిన మాటలు నాకు కంఠస్థమే. తీరని లోటు, పూడ్చలేని వెలితి, అశ్రుతర్పణం. అవన్నీ నిజమే. యాకూబ్ భాయ్ వంటి పనివాడు ఈ జిల్లాలో మళ్లీ రాడు. కానీ ఆయనకు నేను బాకీపడిన వాక్యం వాటిలో లేదు. సయ్యద్ యాకూబ్ ఏ పడవనూ ముంచలేదు. ముంచింది నేను, కొత్తవాడ సమ్మయ్యను.

ఈ మాట ఆయన బతికుండగా వదినెకు చెప్పి ఉంటే, ఆయన పోయే ముందటి దినం ఆమె నల్లా గురించి మాత్రమే తిట్టి ఉండేది.